తేర్చిన నీళ్లు

సోమవారం నాడు బందరు కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారు. మొన్న ఒక సోమవారం మా కాలనీ ఆడవాళ్లం అయిదుగురం పొద్దున్నే బస్సెక్కి వెళ్లాం. గుడివాడకు కాస్త ఎడంగా, పొలాల్లోకి పెరిగిన కాలనీ మాది. వీధి పక్కన మురుగుకాలవ కోసమని తవ్వి వదిలేసి ఏడాది దాటింది. మంచినీళ్ల గొట్టం ఆ గోతిలోంచే వెళ్తుంది. పొద్దున కుళాయి తిప్పితే ముందు వాసన వస్తుంది, తర్వాత నీళ్లు వస్తాయి. ఆ పనికని వచ్చిన డబ్బుతో ఊరి మొదట్లో స్వాగత ద్వారం కట్టి రంగు లైట్లు పెట్టారు. ఈ సంగతంతా ఒక పేజీలో నేనే రాశాను. నలభై ఎనిమిదో ఏట అక్షరాలు దిద్దిన చెయ్యి నాది. బడిలో మధ్యాహ్న భోజనం వండటానికి కుదిరాక, అన్నం ఉడికేలోపు ఒకటో తరగతి గుమ్మం దగ్గర కూర్చుని పిల్లలతో పాటు నేర్చుకున్నాను. ఇప్పటికీ నా వరుస కిందికి జారిపోతుంది. అయినా మా వీధిలో అర్జీ అంటే నా దగ్గరికే వస్తారు. రాశాక అందరికీ చదివి వినిపించి, ఎవరికి ఏ మాట నచ్చకపోయినా కొట్టేసి మళ్లీ రాసి, అప్పుడు సంతకాలు పెట్టిస్తాను.

వరుసలో మా ముందు సముద్రం వైపు ఊరి నుంచి వచ్చిన ఒకావిడ నిలబడింది. భుజాన సంచి, చేతిలో కూల్‌డ్రింకు సీసా. సీసా నిండా టీ రంగు నీళ్లు. నేను దానికేసే చూస్తున్నానని గమనించి, "మా కుళాయి నీళ్లండీ" అంది.

"ఎప్పుడు పట్టారమ్మా?"

"పొద్దున్నే పట్టానండి, బయల్దేరే ముందు."

"గుడ్డ అడ్డం పెట్టలేదుగా? తేరబెట్టలేదుగా?"

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఎందుకు తేరబెడతానండీ? వీలైతే సారునే ఒక గుక్క తాగమందామని తెచ్చా" అంది. మా కాలనీ వాళ్లు పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. సీసా అడుగున వేలెడు మందం మడ్డి కనపడ్డాక నా ప్రాణం కుదుటపడింది. ఎవరివో తెలియని నీళ్లు మురికిగా ఉన్నందుకు అంత స్థిమితపడ్డ మనిషి ఆ హాలు మొత్తం మీద నేనొక్కదాన్నే అయుంటాను.

మా అమ్మ రాహేలమ్మ కూడా ఒకసారి, జీవితంలో ఒక్కసారే, అర్జీ మడిచి జాకెట్లో పెట్టుకుని, చేతిలో నీళ్ల సీసా పట్టుకుని ఒక ఆఫీసరు ముందు నిలబడింది. మా పేట చెరువుకు చుట్టూ గోడ, పక్కన ఇసకతో వడకట్టే ఫిల్టరు బావి, దానికో చేతిపంపు కావాలని అడగటానికి. ఆ సీసా నింపింది నేను. అప్పుడు నాకు పదేళ్లుంటాయి. ఆ రోజు జరిగినదాని వల్ల మా అమ్మకీ, మా పిన్నికీ మధ్య మాట ఆగిపోయింది. బందరు నుంచి తిరిగి వచ్చే బస్సులో, నా పక్కన కూర్చున్నావిడ నిద్రపోతూ నా భుజం మీదికి వాలిపోతుంటే, ఈ సంగతి రాయగలిగినవాళ్లు నేను తప్ప ఇంకెవరూ మిగల్లేదని అనిపించింది.

మా ఊరు ముదినేపల్లి నుంచి లోపలికి వెళ్లాలి. ఇప్పుడు దాన్ని వేరే జిల్లాలో కలిపారు. అప్పట్లో కనుచూపుమేర వరి. మడి గట్ల మీద నడిచి ఎక్కడికైనా వెళ్లేవాళ్లం. ఇప్పుడు ఆ మడులన్నీ చేపల చెరువులైపోయి, ఆకాశం కిందా పైనా ఒకేలా ఉంటుంది. ఎన్ని నీళ్లున్నా తాగేవి కరువే మా వైపు, అప్పుడూ ఇప్పుడూ. బావి తవ్వితే ఉప్పు నీళ్లు పడతాయి. కాలవ వదిలినప్పుడు తూము తీసి చెరువులు నింపుకోవాలి. కాలవ కట్టేశాక ఎండాకాలమంతా ఆ నీళ్లతోనే గడవాలి. ఊరికి ఒక చెరువు, మాకు ఒక చెరువు. ఊరి చెరువుకు మెట్లూ, చుట్టూ గోడా ఉండేవి. మేం ఆ రేవులోకి దిగకూడదు. మా చెరువుకు మట్టిగట్టు తప్ప ఇంకేమీ లేదు. గేదెలు ఎటు నుంచి కావాలంటే అటు నుంచి దిగేవి. ఫాల్గుణం దాటితే నీళ్లు ఆకుపచ్చగా మారి, ఆ తర్వాత మట్టిరంగుకొచ్చి, చివరికి బిందె ముంచితే సగం బురదే వచ్చేది.

సాయంత్రం పొలం పని నుంచి రాగానే అమ్మ కాళ్లకంటిన బురద కూడా కడుక్కోకుండా బిందె ఎత్తుకునేది. ఎలాగూ చెరువు దగ్గర కడగొచ్చు కదా అనేది. తెచ్చిన నీళ్లు తిన్నగా కుండలో పోసేది కాదు. పాత నేత చీర ముక్కను నాలుగు మడతలు వేసి కుండ మూతికి కట్టి, దాని మీద సన్నటి ధారగా పోసేది. గుడ్డ మీద నాచు, పురుగులు, గడ్డిపోచలు మిగిలేవి. వాటిని దులిపి, గుడ్డను మళ్లీ కట్టేది. అదయ్యాక చిల్లగింజ తీసేది. శనగగింజ కంటే కాస్త పెద్దదిగా, రాయిలా గట్టిగా ఉండే ఆ గింజలను సంతలో కొని తెచ్చి కొంగు చివర ముడేసుకునేది. ఒక గింజ తీసి, కుండ లోపలి గోడకు గుండ్రంగా, గరగరమని రుద్దేది. చెయ్యి మోచేతి దాకా కుండలోకి పోయేది. ఆ రుద్దటం వింటూ నేను పొయ్యి ఊదేదాన్ని. తడిసిన మట్టికుండ వాసన, నాచు వాసన, తాటాకు పొగ కలిసి ఒక వాసన వచ్చేది. సాయంత్రం అంటే ఇప్పటికీ నాకు అదే. గింజ రుద్దాక కుండ కదపకూడదు, దాని పక్కన గెంతకూడదు. పొద్దున లేచి చూస్తే బురదంతా అడుక్కి దిగిపోయి, పైన నీళ్లు ఏమీ లేనట్టు ఉండేవి. పైపైన ముంచి ఇంకో కుండలో పోసుకుని, అడుగున మిగిలింది బీరపాదుకు పోసేవాళ్లం.

మా ఇంట్లో అన్నం లేని రోజులున్నాయి. తేటనీళ్లు లేని రోజు మాత్రం లేదు. ఎవరొచ్చినా అమ్మ ఇత్తడి గ్లాసు చింతపండుతో తోమి, నీళ్లు అంచు దాకా పోసి, కింద అరచెయ్యి పట్టి ఇచ్చేది. పాస్టరు గారు మా పేటకొస్తే ఎవరింట్లో ప్రార్థన పెట్టుకున్నా, "రాహేలమ్మ ఇంటి నుంచి ఒక గ్లాసు నీళ్లు తెప్పించండి" అనేవారు. ఆ మాటకు అమ్మ ముఖం ఎలా వెలిగేదో నాకు తెలుసు. అమ్మకు మెచ్చుకోలు అంటూ దొరికింది ఆ ఒక్క విషయంలోనే. అందుకే మాకు ఒక కట్టడి: పెద్దవాళ్ల చేతికి తేర్చని నీళ్లు ఇవ్వకూడదు. ఆ నీళ్లు కంటికి తేటగా ఉన్నంత మాత్రాన మంచివి కావని, జబ్బు కంటికి కనపడదని మాకెవరూ చెప్పలేదు.

మా గోడకు ఆనుకుని చిన్నాన్న వాళ్ల గుడిసె. పిన్ని పేరు సువార్తమ్మ. అమ్మకన్నా పదేళ్లు చిన్నది. నోట్లో మాట ఆగని మనిషి. అమ్మ కుండ రుద్దుతుంటే గుమ్మంలోంచే, "అక్కా, ఆ చెరువు మొత్తం కుండలో పెట్టి తోముతావా ఏంటి?" అని ఎగతాళి చేసేది. అమ్మ, "నీ కుండ కూడా రుద్దమంటే రుద్దుతా, నోరు మూసుకుని పట్రా" అనేది. పిన్ని నవ్వుకుంటూ తెచ్చేది. ఇద్దరూ ఒక పొయ్యి మీద రెండు కూరలు వండుకుని, ఒకే పళ్లెంలో తిన్న రోజులు నేను చూశాను. పిన్ని కూతురు కరుణకు అప్పుడు ఏడాదిన్నర. వాళ్లు నాట్లకు వెళ్తే కరుణ నా చంకలోనే ఉండేది. నా జడ కొస నోట్లో పెట్టుకుని నిద్రపోయేది. నన్ను పేరు పెట్టి పిలవడం రాక, "ఓ" అనేది. నేనూ "ఓ" అనేదాన్ని.

ఆ ఏడు పంచాయతీ సమితి నుంచి మా ఊరికి ఒక పనికి సరిపడా సొమ్ము వచ్చిందని తెలిసింది. దాంతో పంచాయతీ ఆఫీసుకు వరండా వేసి, ముందు సిమెంటు బల్లలు కట్టిద్దామని ప్రెసిడెంటు గారి ఆలోచన. మా పేట మిషన్ బడిలో పాఠాలు చెప్పే దేవసహాయం మాస్టారు, చెరువు పని అడగటానికి ఇదే సమయమన్నారు. ఆఫీసరు గారు ఫలానా రోజు వచ్చి అందరి మాటా విని, సొమ్ము ఎందుకు ఖర్చు పెట్టాలో అక్కడికక్కడే తేలుస్తారట. మాస్టారు అర్జీ రాశారు. పేటలో అందరూ వేలిముద్రలు వేశారు. "నోటితో చెప్తే ఎవరూ నమ్మరు. మనం తాగే చెరువు నీళ్లు సీసాలో పట్టుకెళ్లి ఆయన చేతిలో పెట్టాలి" అన్నారాయన.

ఎవరు పట్టుకెళ్లాలి? మగవాళ్లంతా రైతుల దగ్గర పనిచేసేవాళ్లు. ప్రెసిడెంటు గారి ముందు నోరెత్తితే మర్నాటి నుంచి పని ఉండదు. పిన్నే అంది, "మా అక్క చెప్తుంది మాస్టారూ. నీళ్ల గురించి మా అక్కకు తెలిసినంత ఆ ఆఫీసరుకు మాత్రం తెలుసా?" అమ్మ, "నా వల్ల కాదే" అంది. "నేను పక్కనే ఉంటాగా అక్కా, నువ్వు ఆగిపోతే నేనందుకుంటా" అంది పిన్ని. అలా ఒప్పించింది.

ఆ పొద్దున అమ్మ ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుంటూ, "సీసా కడిగి నీళ్లు నింపి గుమ్మం దగ్గర పెట్టవే, ఆఫీసరు గారికివ్వాలి" అంది. మాస్టారి ఇంట్లోంచి తెచ్చిన పెద్ద టానిక్ సీసా అది. లోపల నాలుగు బియ్యం గింజలు, ఇసక వేసి గిలకొట్టి, బూడిదతో పైన తోమి, అద్దంలా చేశాను. కాగితం గుర్తులు గోటితో గీకేశాను. నీళ్లు ఎక్కడివి పట్టాలో అమ్మ చెప్పలేదు. చెప్పాలని ఆవిడకు తోచి ఉండదు. అడగాలని నాకూ తోచలేదు. పెద్దాయన చేతికిచ్చే నీళ్లు. కుండ మీద మూత తీసి, పైపైన ముంచి, గుడ్డ అడ్డం పెట్టి సీసా నింపాను. ఒక్క నలక లేదు. బిరడా పెట్టి గుమ్మం పక్కన ఉంచాను. మెచ్చుకుంటుందనుకున్నాను.

పంచాయతీ ఆఫీసు ముందు చలువ పందిరి వేశారు. కుర్చీల్లో ఆఫీసరు గారు, ప్రెసిడెంటు గారు, ఇంకో ఇద్దరు రైతులు. మేం పందిరి బయట ఎండలో కూర్చున్నాం. కరుణ నా ఒళ్లో ఉంది. ఒకాయన కరణం గారి అరుగు మీద కుక్కల గురించి చెప్పుకున్నాడు, ఇంకొకాయన వీధి దీపం గురించి. తర్వాత మమ్మల్ని పిలిచారు. అమ్మ లేచి, కొంగు తల మీదికి లాక్కుని, అర్జీ ఇచ్చింది. ఆఫీసరు గారు చదువుకుంటుండగా తను కూడా చెప్పింది. గేదెలు దిగుతున్నాయని, ఎండాకాలం చెరువు అడుగంటుతుందని, పిల్లలకు విరేచనాలు పట్టుకుంటున్నాయని, ఊరి చెరువు దగ్గర ఎవరైనా దయతలచి పోస్తారేమోనని బిందెలతో పూటంతా నిలబడుతున్నామని. మధ్యలో ఎక్కడా ఆగలేదు. ఆఫీసరు గారు చెడ్డవాడు కాదు. తలెత్తి శ్రద్ధగా విన్నాడు. నాకు ఆ ముఖం ఇంకా గుర్తుంది.

"ఏవీ ఆ నీళ్లు?" అన్నాడు.

అమ్మ సీసా ఇచ్చింది. కింద అరచెయ్యి పట్టే ఇచ్చింది. ఆయన దాన్ని వెలుగుకు ఎత్తి పట్టుకున్నాడు. పందిరి సందులోంచి పడిన ఎండ సీసాలోంచి దూరి ఆయన తెల్లచొక్కా మీద పడింది.

"ఇవేనా అమ్మా?"

"అవేనండి."

"తేటగా ఉన్నాయే! మా క్వార్టర్స్ కుళాయిలో ఇంత మంచి నీళ్లు రావట్లేదు."

అందరూ నవ్వారు. అమ్మ, "అవి తేర్చిన నీళ్లండీ. చెరువులో ఇలా ఉండవండి" అంది. ప్రెసిడెంటు గారు అందుకున్నారు. "తేరిస్తే తేటపడుతున్నాయంటే నీళ్లు మంచివేగా రాహేలమ్మా? మా ఇంటికి కూడా రోజూ ఒక బిందె పంపించు." మళ్లీ నవ్వులు. పిన్ని లేచి, "బాబుగారూ, ఒకసారి వచ్చి చెరువు చూడండి బాబుగారూ, పక్కనే" అంది. ఆఫీసరు గారు జీపు వైపు చూశాడు. "అటు దారి లేదండి, మోకాలి లోతు బురద" అన్నారు ప్రెసిడెంటు గారు. ఆఫీసరు గారు చేతి గడియారం చూసుకుని, "వచ్చే ఏడు చూద్దాం. ఈలోగా ఈ అమ్మలాగే అందరూ తేర్చుకుని తాగండి. మంచి పద్ధతి" అన్నాడు. సీసాను అమ్మకు తిరిగి ఇచ్చేశాడు.

అందరం ఇంటికి బయల్దేరాం. దారిలో మాస్టారు, "చెరువులోవి పట్టుకురమ్మన్నాను కదమ్మా" అన్నారు, తిట్టినట్టు కాదు, అలిసిపోయినట్టు. నేను అమ్మ వెనకే నడుస్తున్నాను. ఇప్పుడంటుంది, పిల్ల చేసిందండీ అని ఇప్పుడంటుంది అని ఎదురుచూస్తున్నాను. అమ్మ, "బుద్ధి లేని పని చేశాను మాస్టారూ" అంది.

ఆ ఎండాకాలం పంచాయతీ ఆఫీసుకు వరండా లేచింది. మా చెరువు ఎప్పటిలాగే అడుగంటింది. వాంతులు, విరేచనాలు మొదట చివరి ఇంట్లో వచ్చి, వరసగా ఇళ్లు దాటుకుంటూ మా గోడ దాకా వచ్చాయి. నాకూ వచ్చి తగ్గిపోయింది. కరుణకు తగ్గలేదు. పొద్దెక్కాక చిన్నాన్న బండి కట్టించుకుని గుడివాడ బయల్దేరాడు. పిన్ని ఒళ్లో కరుణ, పక్కన అమ్మ. ఊరు దాటి కాలవ వంతెన దాకా వెళ్లి బండి వెనక్కి తిరిగింది. బండి వెనక్కి తిరగడం నేను గట్టు మీద నిలబడి చూశాను. ఎందుకు తిరిగిందో అర్థం కావడానికి నాకు కాసేపు పట్టింది. బండి దిగుతూ పిన్ని అమ్మ వైపు చూసి, "తేటనీళ్లు ఇచ్చొచ్చావు కదక్కా" అంది. అమ్మతో ఆవిడ మాట్లాడిన ఆఖరి మాట అదే.

ఒకే గోడ. గోడకు అటు పిన్ని వంట చప్పుడు, ఇటు అమ్మ కుండ రుద్దుతున్న చప్పుడు. మాటలు మాత్రం లేవు. పేటలో వాళ్లు కొన్నాళ్లు అమ్మను ఎత్తిపొడిచారు. ఎవరింట్లో ఏ పని చెడినా, "రాహేలమ్మ సీసా అయింది" అనేవాళ్లు. తర్వాత వాళ్లు మర్చిపోయారు. పిన్ని మర్చిపోలేదు. నెల మొదటి ఆదివారం మా గుడిలో ప్రభు సంస్కారమని రొట్టె ముక్క, ద్రాక్షరసం ఇస్తారు. తోటి మనిషితో తగువున్నవాళ్లు సమాధానపడ్డాకే బల్ల దగ్గరికి రావాలని పాస్టరు గారు ముందే చెప్పేవారు. అందరూ లేచి వరుసగా ముందుకెళ్తే, ఆడవాళ్ల వైపు ఖాళీ అయిన చాప మీద ఇద్దరే మిగిలేవాళ్లు. ఈ చివర అమ్మ, ఆ చివర పిన్ని. ఇద్దరూ తలలొంచుకుని ఉండేవాళ్లు. ఒకసారి పాస్టరు గారు ఇంటికొచ్చి ఇద్దరికీ నచ్చచెప్పబోయారు. అమ్మ, "తప్పు నాదండీ, ఆవిడది కాదు. ఆవిడకు ఇవ్వండి" అంది. పిన్ని లోపలి నుంచి బయటికి రాలేదు. మొదటి ఆదివారం వచ్చినప్పుడల్లా, పాట పూర్తయ్యాక లేచి ముందుకు వెళ్లి, నేనండీ అని చెప్పాలనుకునేదాన్ని. పాట పూర్తయ్యేది. చెప్పలేదు. పదేళ్లప్పుడు భయం. ఇరవై ఏళ్లప్పుడు సిగ్గు. ఆ తర్వాత, ఇన్నాళ్లు చెప్పకుండా ఉన్నదాన్ని ఇప్పుడు చెప్తే ఏమంటారో అన్న ఇంకో భయం.

అమ్మ ఆఖరి రోజులు నా దగ్గరే గడిచాయి, గుడివాడ పక్క ఈ కాలనీలో. అప్పటికి నాకు అక్షరాలు వచ్చేశాయి. మంచం పక్కన కూర్చుని పేర్లు రాసి చూపించేదాన్ని. ఇది నువ్వు, ఇది నాన్న, ఇది నేను అని. అమ్మ నవ్వేది. "అన్నీ గుడ్లూ, కాళ్లే ఉన్నాయేంటే?" అనేది. అలా ఒక మధ్యాహ్నం కరుణ పేరు రాశాను. అమ్మకు అదేం పేరో చెప్పలేదు. బదులుగా నోట్లోంచి వేరే మాట వచ్చేసింది.

"అమ్మా, ఆ సీసాలో నీళ్లు నేను చెరువులో ముంచలేదే. కుండలోవి పట్టాను."

అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ, "నాకు తెలుసు" అంది.

"ఎప్పుడు తెలిసింది?"

"చేతిలోకి తీసుకోగానే. గుమ్మం దిగకముందే చూశా. పారబోసి చెరువులో ముంచుకు రావటానికి ఎంతసేపు పడుతుంది? ఎండలో పట్టి చూశా. అద్దంలా ఉన్నాయి. ఆ బురద నీళ్లు పట్టుకెళ్లి అంతమంది మధ్యలో పెడితే, మీరు తాగేది ఇవా అని ముక్కు మూసుకుంటారేమో అనిపించిందే. ఈ సీసా చూస్తే, బీదవాళ్లయినా శుభ్రంగా ఉంటారనుకుంటారు. శుభ్రంగా బతికేవాళ్లకైతే పని చేసిపెడతారనుకున్నా." అప్పుడు నా వైపు తిరిగింది. "ముచ్చటేసింది కూడా. నా కుండ నీళ్లు ఆఫీసరు చేతిలోకి వెళ్తున్నాయని."

నేను ఆవిడ కాళ్లు పట్టుకున్నాను. పిన్నికి ఇప్పుడైనా వెళ్లి చెప్తానన్నాను. అమ్మ ఒక్కసారిగా మంచం మీద లేవబోయింది. "చెప్పకు. నా మీదున్నది నా మీదే ఉండనీ. నేనెలాగూ పోయేదాన్ని. నువ్వు ఆ గడప తొక్కాలి, దాని మంచీచెడ్డా చూడాలి. దానికి నువ్వు చిన్నప్పుడు కరుణను ఎత్తుకున్న పిల్లవే. అది కూడా లేకుండా చెయ్యకు" అంది.

అమ్మ పోయినప్పుడు పిన్ని వచ్చింది. సమాధి దగ్గర గొడుగు వేసుకుని దూరంగా నిలబడింది. అందరూ కదిలాక వచ్చి పిడికెడు మట్టి వేసి, బస్సెక్కి వెళ్లిపోయింది.

ఇప్పుడు మా పేటకు సిమెంటు రోడ్డుంది, ఇంటింటికీ కుళాయి ఉంది. ఆ నీళ్లు ఎవరూ తాగరు. గిన్నెలు కడుక్కోవడానికే. తాగడానికి ఆటోలో టిన్నులొస్తాయి, కొనుక్కుంటారు. మా పాత చెరువును చేపలకు వేలం వేశారు. దాని చుట్టూ ఇప్పుడు ఇనుప కంచె ఉంది. ఒక్క గేదెను కూడా దిగనివ్వరు, చేపలు పాడవుతాయని. బందరులో మా అర్జీకి నంబరు ఇచ్చారు, చాలా మర్యాదగా కూర్చోబెట్టి విన్నారు. మా వీధి గొయ్యి ఇంకా అలాగే ఉంది. వచ్చే సోమవారం మళ్లీ వెళ్తాం. అప్పటికీ ఇప్పటికీ ఏం మారిందని ఎవరైనా అడిగితే, నిలబెట్టి వినేవాళ్లు ఇప్పుడు కూర్చోబెట్టి వింటున్నారని చెప్పగలను. ఇంకొకటి, అర్జీ మేమే రాసుకోగలుగుతున్నాం. మాకు ఇన్నేళ్లలో దక్కింది ఇదే. తక్కువని అనను. దీన్ని చూడాల్సినవాళ్లు మాత్రం లేరు.

బందరు నుంచి వచ్చాక ఓ పది రోజులు కూర్చుని పై సంగతులన్నీ రాశాను. కాయితాలు సంచిలో పెట్టుకుని నిన్న పిన్నిని చూడటానికి వెళ్లాను. చిన్న కొడుకు దగ్గర ఉంటోంది. చూపు మందగించింది, నోరు మాత్రం తగ్గలేదు. అలికిడికే పోల్చుకుని, "ఏంటే ఆ కాయితాలు? మళ్లీ ఎవరి మీద అర్జీ?" అంది.

"ఎవరి మీదా కాదు పిన్నీ. మన పేట సంగతులు రాస్తున్నా."

"అయితే చదువు. నా గురించి చెడుగా రాశావేమో చూడాలిగా."

బందరు పేజీలు పక్కన పెట్టి, మా ఊరి దగ్గర నుంచి చదివాను. ఉప్పు బావులు, ఊరి చెరువు మెట్లు, ఒకే పొయ్యి మీద రెండు కూరలు. "చెరువు మొత్తం కుండలో పెట్టి తోముతావా ఏంటి" అన్న తన మాట రాగానే పిన్ని పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇన్నేళ్లలో అమ్మ ఊసు వచ్చినప్పుడు ఆవిడ నవ్వడం నేను చూడలేదు. ఆ నవ్వు మీదే తర్వాతి వాక్యం చదివేశాను. ఏడాదిన్నర కరుణ, నా జడ కొస, "ఓ" అని పిలవడం.

పిన్ని నవ్వు ఆగిపోయింది. "దాని పేరు రాశావా?" అంది. "ఎక్కడ?"

కరుణకు ఫొటో లేదు. బాప్తిస్మం ఇప్పించకముందే పోయింది కాబట్టి గుడి పుస్తకంలోనూ లేదు. రేషను కార్డుకు ఎక్కేలోపే పోయింది. అమ్మ మంచం పక్కన నేను ఒకసారి రాయడం తప్ప, ఆ పేరు ఇంతవరకు ఎక్కడా ఎవరూ రాయలేదు. నేను పిన్ని చెయ్యి పట్టుకుని, చూపుడువేలు తెచ్చి ఆ మూడు అక్షరాల మీద పెట్టాను. ఆవిడ వేలు తీయలేదు. కాయితం మీద పిల్ల తల నిమిరినట్టు అటూ ఇటూ మెల్లగా కదిపింది. ఆ వేలికి కింద, పేజీ తిరగేస్తే, ఆ ఏడు సమితి నుంచి సొమ్ము రావడం, మాస్టారు అర్జీ రాయడం, నేను గుమ్మం దగ్గర కూర్చుని సీసా కడగడం ఉన్నాయి.

"తర్వాత?" అంది పిన్ని.

నాకు చదవడం వచ్చు. ముందున్న ప్రతి మాటా కనపడుతోంది.

"ఇంతవరకే రాశాను పిన్నీ" అన్నాను.